లినక్సులో ల్యాప్‌టాపు టచ్‌ప్యాడు, కీబోర్డు సమస్యలు

లినక్సు నిర్వహణ వ్యవస్థతో నడిచే ల్యాప్‌టాపులలో టచ్‌ప్యాడు, కీబోర్డు అస్థిరంగా ప్రవర్తించడం చాలాకాలంగా వాడుకరులను ఇబ్బంది పెడుతున్న సమస్య. టైపు చేస్తుండగా కర్సరు ఉన్నట్టుండి వేరే వరుసకు దూకడం, ఒకసారి నొక్కిన మీట రెండుసార్లు పడడం, అక్షరాలకు బదులు అంకెలు రావడం, యంత్రం నిద్రావస్థ నుండి మేల్కొన్న తరువాత టచ్‌ప్యాడు పలకకపోవడం దీని సాధారణ రూపాలు. పైకి ఒకేలా కనిపించే ఈ లక్షణాలకు కారణాలు మాత్రం వేరువేరు. కొన్ని యంత్రభాగాలలోను, కొన్ని కెర్నెలులోను, కొన్ని వాడుకరి తెలియక ఎంచుకున్న అమరికలలోను ఉంటాయి. తెలుగులో టైపు చేసేవారి విషయంలో మరొక చిక్కు ఉంది. మీటలో పుట్టిన దోషం తెరపైకి వచ్చేసరికి అక్షరదోషంగానో, ఖతి లోపంగానో కనిపిస్తుంది. కారణం తెలియక లినక్సును తొలగించుకున్నవారు, అవసరం లేకపోయినా కీబోర్డు మార్పించుకున్నవారు తక్కువేమీ కాదు.

టచ్‌ప్యాడును స్పర్శఫలకం అని అనువదించవచ్చు గాని వాడుకలో నిలిచినది టచ్‌ప్యాడే కనుక ఈ వ్యాసంలో ఆ మాటనే వాడడమైనది. ఆదేశాల పేర్లను ఉచ్చారణననుసరించి తెలుగు లిపిలో ఇవ్వడమైనది. టెర్మినలులో వాటిని రోమను చిన్నబడి అక్షరాలలో టైపు చేయాలి.

నేపథ్యం

వేలి స్పర్శ వలన విద్యుత్ ధారితలో కలిగే మార్పును గుర్తించి పనిచేసే టచ్‌ప్యాడును 1988లో జార్జి గెర్ఫైడ్ రూపొందించాడు. 1994లో యాపిల్ సంస్థ పవర్‌బుక్ 500 శ్రేణిలో దీనిని వాడిన తరువాత ల్యాప్‌టాపులలో అంతకుముందున్న ట్రాక్‌బాలు క్రమంగా కనుమరుగైంది. 1986లో ఫెడెరికో ఫాగిన్, కార్వర్ మీడ్ స్థాపించిన సినాప్టిక్స్, జపానుకు చెందిన ఆల్ప్స్, తైవానుకు చెందిన ఎలాన్ సంస్థల టచ్‌ప్యాడులు ఎక్కువగా కనిపిస్తాయి.

కీబోర్డు చరిత్ర ఇంకా పాతది. 1984లో ఐబీఎం పీసీ/ఏటీ యంత్రంలో కీబోర్డు సంకేతాలను అందుకోవడానికి ఇంటెల్ 8042 అనే చిన్న నియంత్రికను వాడారు. ఆ చిప్పు ఇప్పుడు విడిగా ఉండదు. కాని దాని పద్ధతిని అనుకరించే భాగం నేటి ల్యాప్‌టాపులలో కూడా ఉంది. లినక్సు కెర్నెలులో దీనిని చూసుకునే డ్రైవరు పేరు ఐ8042. పాత ల్యాప్‌టాపులలో కీబోర్డుతో పాటు టచ్‌ప్యాడు కూడా పీఎస్/2 పద్ధతిలో ఈ దారిలోనే వస్తుంది. 2013 తరువాతి యంత్రాలలో టచ్‌ప్యాడు ఎక్కువగా ఐ2సీ అనే వేరే దారిలో వస్తుంది, కీబోర్డు మాత్రం చాలావాటిలో పాత దారినే పట్టుకొని ఉంది. అందువలన రెండూ ఒకేసారి చెడితే ఒక రకంగాను, ఒకటే చెడితే మరొక రకంగాను ఆలోచించవలసి ఉంటుంది.

సంకేతం నడిచే దారి

మీట నొక్కినప్పటి నుండి తెరపై అక్షరం కనబడేవరకు సంకేతం అనేక మెట్లు దాటుతుంది. మొదట మీట కింది స్పర్శబిందువు కలుసుకుంటుంది. కీబోర్డు నియంత్రిక దానిని ఒక సంఖ్యగా మార్చి పంపుతుంది. కెర్నెలు ఆ సంఖ్యను గుర్తించి అన్ని ఉపకరణాలకూ ఉమ్మడిగా ఉన్న ఒక రూపంలోకి మారుస్తుంది. ఆ తరువాత లిబ్‌ఇన్‌పుట్ అనే గ్రంథాలయం దానిని అందుకుంటుంది. టచ్‌ప్యాడు విషయంలో వేలు ఏది, అరచేయి ఏది, ఎన్ని వేళ్లు తగిలాయి అనే నిర్ణయాలన్నీ ఇక్కడే జరుగుతాయి. ఆపై ఎక్స్‌కేబీ అనే భాగం ఎంచుకున్న కీబోర్డు అమరిక ప్రకారం ఈ మీటకు ఈ అక్షరం అని నిర్ణయిస్తుంది. తెలుగును లిప్యంతరీకరణ పద్ధతిలో టైపు చేసేవారికి ఇంకొక మెట్టుంది. ఐబస్ అనే ప్రవేశక వ్యవస్థ రోమను అక్షరాలను పట్టుకొని తెలుగు అక్షరాలుగా మార్చి అనువర్తనానికి అందిస్తుంది.

2000ల దశకంలో ఈ దారి కొంత వేరుగా ఉండేది. టచ్‌ప్యాడుకు సినాప్టిక్స్ పేరుతోనే ఉన్న ఎక్స్ డ్రైవరు, తెలుగు టైపింగుకు స్కిమ్ అనే ప్రవేశక వ్యవస్థ వాడుకలో ఉండేవి. 2009లో ఫెడోరా 11 స్కిమ్ స్థానంలో ఐబస్‌ను చేర్చింది. లిబ్‌ఇన్‌పుట్ 1.0 వెర్షను 2015లో వెలువడింది. తెరను నిర్వహించే ఎక్స్ సర్వరు స్థానంలో వేలాండ్‌ను ఫెడోరా 2016లో, ఉబుంటు 2021లో డీఫాల్టుగా స్వీకరించాయి. ఈ మార్పుల వలన అంతర్జాలంలో దొరికే పాత సలహాలు చాలావరకు పనికిరాకుండా పోయాయి. ఉదాహరణకు సిన్‌క్లయింట్, సిన్‌డెమన్ ఆదేశాలు పాత సినాప్టిక్స్ డ్రైవరుకు సంబంధించినవి. లిబ్‌ఇన్‌పుట్ ఉన్న యంత్రంలో వాటివలన ప్రయోజనం లేదు. ఎక్స్‌ఇన్‌పుట్ ఆదేశంతో చేసే మార్పులు కూడా వేలాండ్‌పై టచ్‌ప్యాడుకు చేరవు. ఏ సలహానైనా పాటించే ముందు అది ఏ కాలంనాటిదో, ఏ వ్యవస్థకు చెందినదో చూసుకోవడం అవసరం.

దోషం ఎక్కడుందో తెలుసుకోవడం

పై మెట్లను కింది నుండి ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ పోవడమే సరైన పద్ధతి. అమరికలన్నీ ఒకేసారి మార్చివేస్తే పొరపాటున సమస్య తీరినా, ఏ మార్పువలన తీరిందో తెలియదు.

మొదటి పరీక్షకు లినక్సుతో పనిలేదు. యంత్రాన్ని మూసి తెరచి, బయోస్ లేదా యూఈఎఫ్ఐ అమరికల తెరలోకి వెళ్లి బాణపు మీటలు, అంకెల మీటలు నొక్కి చూడాలి. అక్కడే మీట రెండుసార్లు పడుతున్నా, తనంతట తానే నొక్కుకుంటున్నా దోషం యంత్రానిదే, లినక్సు ఏ పాపం ఎరుగదు. రెండవ పరీక్ష బయటి కీబోర్డు, బయటి మౌసు తగిలించి చూడడం. బయటివి సక్రమంగా ఉంటే ఎక్స్‌కేబీ, ఐబస్ మెట్లలో లోపం ఉండే అవకాశం తక్కువ. మూడవది పెన్‌డ్రైవు నుండి వేరొక లినక్సు పంపిణీని లైవ్ పద్ధతిలో నడిపి చూడడం. అందులో సమస్య లేకపోతే వెదకవలసినది స్థాపించుకున్న వ్యవస్థ అమరికలలో.

ఇక లినక్సులోనే ఉన్న పరికరాలు. డీమెసేజ్ ఆదేశం కెర్నెలు సందేశాలను చూపుతుంది. 'లిబ్‌ఇన్‌పుట్ లిస్ట్-డివైసెస్' ఆదేశం ఉపకరణాల జాబితానిస్తుంది. టచ్‌ప్యాడు ఈ జాబితాలో సాధారణ మౌసు పేరుతో కనబడితే కెర్నెలు దానిని సరిగా గుర్తించలేదని అర్థం. అప్పుడు రెండు వేళ్లతో పేజీ జరపడం వంటివి పనిచేయవు. 'లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్' ఆదేశం ప్రతి కదలికను జరిగిన క్షణంలోనే చూపుతుంది. డెబియన్, ఉబుంటులలో ఈ ఆదేశాలు లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ ప్యాకేజీలో ఉంటాయి, నిర్వాహక అనుమతి అవసరం.

కీబోర్డుకు వీటన్నిటికంటె ఎక్కువ ఉపయోగపడేది ఈవీటెస్ట్. ఇది కెర్నెలు అందుకున్న సంకేతాన్ని ఉన్నదున్నట్టు చూపుతుంది. మీట నొక్కినపుడు 1, వదిలినపుడు 0, పట్టి ఉంచినపుడు 2 కనిపిస్తాయి. ఒక్కసారి నొక్కితే 1, 0, 1, 0 అని వస్తే మీట కింది స్పర్శబిందువు అదురుతున్నదని అర్థం. మీట వదిలిన తరువాత కూడా 0 రాకుండా 2, 2, 2 అని కొనసాగితే వదిలిన సంకేతం దారిలో తప్పిపోయింది. చూసేవారికి రెండూ 'అక్షరం రెండుసార్లు పడుతోంది' అన్న ఒకే ఫిర్యాదు, కాని మొదటిదానికి మందు మీటలోను, రెండవదానికి మందు నియంత్రికలోను ఉంది. ఈవీటెస్టు నడుస్తుండగా సంకేతపదాలు టైపు చేయరాదు. అవి తెరపై నమోదవుతాయి, ఆ పాఠాన్ని సాయం కోసం ఎవరికైనా పంపితే సంకేతపదం కూడా వెళ్లిపోతుంది. లిబ్‌ఇన్‌పుట్ పరికరం ఈ ప్రమాదాన్ని ఊహించి, ప్రత్యేకంగా కోరితే తప్ప మీటల గుర్తింపును మరుగుపరుస్తుంది.

టచ్‌ప్యాడు దోషాలు

చార్జరు తగిలించినపుడు బాణపుగుర్తు వణకడం, చార్జరు తీసివేయగానే కుదుటపడడం మన ఇళ్లలో తరచుగా కనిపించే లక్షణం. దీనికి లినక్సుతో సంబంధం లేదు. చార్జరు నుండి వచ్చే స్వల్పమైన లీకేజి విద్యుత్తు భూమికి పోయే దారి లేనపుడు ల్యాప్‌టాపు దేహంలో చేరి, ధారితను కొలిచే టచ్‌ప్యాడును తికమకపెడుతుంది. మూడు కడ్డీల ప్లగ్గును రెండు కడ్డీల అడాప్టరుకు తగిలించడం, గోడలోని సాకెట్టుకు మూడవ రంధ్రం ఉన్నా దాని వెనుక ఎర్తు తీగ లేకపోవడం ఇందుకు కారణాలు. లోహపు మూత గల ల్యాప్‌టాపును తాకినపుడు వేళ్లకు సన్నని జలదరింపు తగిలితే ఈ అనుమానం బలపడుతుంది. పరీక్ష సులభం: చార్జరు తీసి అయిదు నిమిషాలు బ్యాటరీపై వాడి చూడాలి. చికిత్స విద్యుత్ పనివారిచేత ఎర్తింగు సరిచేయించడమే. అది టచ్‌ప్యాడుకు మాత్రమే గాక ఇంటికంతటికీ అవసరమైన పని. నాణ్యత లేని నకిలీ చార్జరు ఉన్నచోట అసలు చార్జరుతో కూడా ఒకసారి పోల్చి చూడాలి.

రెండవ కారణం మరింత జాగ్రత్త కోరుతుంది. లిథియం బ్యాటరీ పాతబడి ఉబ్బినపుడు, చాలా నమూనాలలో అది టచ్‌ప్యాడు కిందనే ఉంటుంది కనుక, టచ్‌ప్యాడును పైకి నెడుతుంది. క్లిక్కు బిగుసుకుపోవడం, నొక్కకుండానే క్లిక్కులు పడడం, టచ్‌ప్యాడు అంచు ఒకవైపు లేచి కనబడడం దీని గుర్తులు. బల్లపై పెట్టినపుడు యంత్రం ఊగుతున్నా అనుమానించాలి. ఇటువంటప్పుడు అమరికలు వెదుకుతూ కూర్చొనరాదు. యంత్రాన్ని ఆపి, చార్జింగు మాని, బ్యాటరీని మార్పించాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, వంచడం, చెత్తబుట్టలో వేయడం అగ్నిప్రమాదానికి దారితీస్తాయి.

చేతి చెమట, టచ్‌ప్యాడుపై అంటిన నూనె, తేమ కూడా బాణపుగుర్తును గంతులు వేయిస్తాయి. పొడిగుడ్డతో తుడిచిన తరువాత కూడా లక్షణం పోనప్పుడే ముందుకు వెళ్లాలి.

పాత పీఎస్/2 టచ్‌ప్యాడులు ఉన్న యంత్రాలలో డీమెసేజ్‌లో 'లాస్ట్ సింక్' అన్న మాట కనిపించవచ్చు. టచ్‌ప్యాడు తన సమాచారాన్ని కొన్ని బైట్ల కట్టలుగా పంపుతుంది. ఒక బైటు తప్పిపోతే తరువాతి కట్టలన్నీ ఒక స్థానం జరిగి అర్థరహితమవుతాయి. బాణపుగుర్తు మూలకు దూసుకుపోవడం, తనంతట తానే క్లిక్కు చేయడం ఇందువలననే. కెర్నెలు లోపాన్ని గమనించి మళ్లీ సర్దుకుంటుంది, కాని ఇది తరచూ జరిగితే పని సాగదు. తాత్కాలికంగా పీఎస్‌మౌస్ మాడ్యూలును తీసివేసి మళ్లీ చేర్చవచ్చు. యంత్రాన్ని పునఃప్రారంభించకుండానే టచ్‌ప్యాడు కొత్తగా మొదలవుతుంది. శాశ్వత పరిష్కారానికి గ్రబ్ ప్రారంభ వరుసలో 'ఐ8042.రీసెట్', 'ఐ8042.నోమక్స్' అనే ఐచ్ఛికాలను చేర్చి చూస్తారు. మొదటిది నియంత్రికను ప్రారంభంలో శుభ్రంగా మొదలుపెడుతుంది. రెండవది ఒకే దారిలో అనేక ఉపకరణాలున్నాయన్న ఊహను మాన్పిస్తుంది. ఈ ఐచ్ఛికాలను ముందుగా గ్రబ్ తెరలో ఒక్కసారికి మాత్రమే చేర్చి పరీక్షించి, మేలు కనబడితేనే స్థిరపరచడం క్షేమం. లేనిచో కీబోర్డే పనిచేయని స్థితి రావచ్చు. ఐ2సీ టచ్‌ప్యాడు నిద్రావస్థ తరువాత పలకకపోతే ఇదే విధంగా ఐ2సీ-హిడ్ మాడ్యూలును తీసి చేర్చి చూడవచ్చు. విండోస్, లినక్సు రెండూ ఉన్న యంత్రంలో విండోస్ వాడిన తరువాతనే టచ్‌ప్యాడు మొరాయిస్తుంటే, విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపి పూర్తిగా మూసివేయడం వలన తరచుగా ప్రయోజనముంటుంది.

టచ్‌ప్యాడు, కీబోర్డు రెండూ ఒకేసారి మూగబోయి, బయటి మౌసు మాత్రం పనిచేస్తుంటే మరొక సంగతి చూడాలి. తెరను వెనుకకు పూర్తిగా తిప్పి పలకవలె వాడుకునే ల్యాప్‌టాపులలో, తెర తిరిగినట్టు సంకేతం అందగానే లిబ్‌ఇన్‌పుట్ లోపలి కీబోర్డును, టచ్‌ప్యాడును ఆపివేస్తుంది. ఆ సంకేతమిచ్చే భాగం చెడితే తెర మామూలుగా ఉన్నా అవి ఆగిపోతాయి. మూత మూసినట్టు గుర్తించే భాగం అయస్కాంతంతో పనిచేస్తుంది కనుక, అయస్కాంతపు కొక్కెం గల చేతిగడియారం పట్టీ, ఫోను తొడుగు అరచేయి ఆనే చోటికి రావడం వలన కూడా తెర ఆరిపోయిన సందర్భాలుంటాయి.

కర్సరు దూకడం

అన్నిటికంటె ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే. టైపు చేస్తుండగా బొటనవేలి మొదలు టచ్‌ప్యాడుకు తగిలి, యంత్రం దానిని క్లిక్కుగా భావించి, కర్సరును మరొక పేరాకు చేరుస్తుంది. గమనించేలోగా రెండుమూడు పదాలు అక్కడ పడిపోతాయి. ముందుగా పాఠ్యం ఎంపికై ఉంటే అది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. పెద్ద వ్యాసాన్ని సవరించేవారికి ఇది నిజమైన నష్టం, ఎందుకంటే చెడినచోటు తెరపై కనబడకుండా పైనో కిందో ఉండవచ్చు.

దీనిని నివారించడానికి లిబ్‌ఇన్‌పుట్‌లో టైపింగు సమయంలో టచ్‌ప్యాడును ఆపే సౌకర్యం ఉంది. మొదటి మీటకు క్షణంలో అయిదవ వంతు, వరుసగా టైపు చేస్తున్నపుడు సుమారు అరక్షణం టచ్‌ప్యాడు పనిచేయదు. వేగంగా టైపు చేసేవారికి ఇది చాలు. ఒత్తు ఎక్కడుందో, మహాప్రాణం ఎక్కడుందో వెదుకుతూ మధ్యమధ్య ఆగేవారికి ఈ వ్యవధి చాలదు. ఆగిన అరక్షణంలో చేయి టచ్‌ప్యాడుపై వాలుతుంది. అటువంటివారు తాకితే క్లిక్కు అయ్యే అమరికనే తీసివేసి, టచ్‌ప్యాడును గట్టిగా నొక్కి క్లిక్కు చేయడం అలవాటు చేసుకోవడం ఉత్తమం. మౌసు తగిలించినపుడు టచ్‌ప్యాడు తనంతట ఆగిపోయే అమరిక కూడా గ్నోమ్, కేడీఈ వాతావరణాలలో లభిస్తుంది.

మీటలను మార్చుకోవడానికి కీడీ వంటి పరికరాలను వాడేవారికి ఒక సూచన. అవి ఒక కల్పిత కీబోర్డును సృష్టిస్తాయి. లిబ్‌ఇన్‌పుట్ దానిని బయటి కీబోర్డుగా భావించి, టైపింగు సమయంలో టచ్‌ప్యాడును ఆపడం మానివేస్తుంది. ఆ కల్పిత కీబోర్డు ల్యాప్‌టాపు లోపలిదేనని లిబ్‌ఇన్‌పుట్ విశేషాల దస్త్రంలో తెలియజేస్తే సౌకర్యం మళ్లీ పనిచేస్తుంది. ఐబస్ ఇంకా పై మెట్టులో ఉంటుంది కనుక దానివలన ఈ చిక్కు రాదు.

కీబోర్డు దోషాలు

ప్రత్యేకంగా అంకెల మీటల గుంపు లేని కొన్ని చిన్న ల్యాప్‌టాపులలో కుడిచేతి అక్షరాల మీటలే అంకెల మీటలుగా కూడా పనిచేస్తాయి. నమ్‌లాక్ పొరపాటున పడితే యు, ఐ, ఓ మీటలకు 4, 5, 6, జె, కె, ఎల్ మీటలకు 1, 2, 3, ఎం మీటకు 0 వస్తాయి. ఈ మార్పు కీబోర్డు నియంత్రికలోనే జరుగుతుంది కనుక ఎంచుకున్న భాష ఏదైనా అంకెలే పడతాయి. ఇన్‌స్క్రిప్టులో ఈ మీటలపై హ, గ, ద, ర, క, త, స ఉన్నాయి. కనుక 'తరగతి' అని టైపు చేస్తే తెరపై '3153' తరువాత ఒంటరి గుడి కనిపిస్తుంది. ఎఫ్ఎన్ మీటతో కలిపి నమ్‌లాక్ నొక్కితే సరిపోతుంది. దీనికోసం వ్యవస్థను తిరిగి స్థాపించుకోనవసరం లేదు.

షిఫ్టు మీటను వరుసగా అయిదుసార్లు నొక్కితే స్టికీ కీస్, ఎనిమిది సెకన్లు పట్టి ఉంచితే స్లో కీస్ అనే సౌకర్యాలు మొదలయ్యే అమరిక ఉంది. వికలాంగుల సౌకర్యార్థం ఏర్పాటైన ఇవి, తెలియక మొదలైతే కీబోర్డు చెడిందన్న భ్రమ కలిగిస్తాయి. స్లో కీస్ ఉన్నపుడు మీటను కొంతసేపు నొక్కి ఉంచితే గాని అక్షరం పడదు. ఇన్‌స్క్రిప్టులో మహాప్రాణాలన్నీ షిఫ్టుతోనే వస్తాయి కనుక తెలుగు టైపు చేసేవారు షిఫ్టు మీద వేలుంచి ఆలోచించే సందర్భాలు ఎక్కువ. అమరికలలోని యాక్సెసిబిలిటీ విభాగంలో వీటిని ఆపివేయవచ్చు, మీటలతో మొదలుపెట్టే వీలును కూడా తీసివేయవచ్చు.

మీట అదిరి రెండుసార్లు పడడం పాత కీబోర్డులలో మామూలు. యంత్రదోషంతో వచ్చే రెండవ నొక్కు సాధారణంగా కొన్ని పదుల మిల్లీసెకన్లలోపే వస్తుంది. మనిషి వేలు అంత త్వరగా రెండుసార్లు నొక్కలేదు. ఈ తేడాను ఆధారం చేసుకొని యాక్సెసిబిలిటీలోని బౌన్స్ కీస్ సౌకర్యం రెండవ నొక్కును వదిలివేస్తుంది. లిబ్‌ఇన్‌పుట్ మౌసు బొత్తాలకు ఇటువంటి ఏర్పాటు చేస్తుంది గాని కీబోర్డు మీటలకు చేయదు. వ్యవధిని అతి తక్కువ నుండి మొదలుపెట్టి అవసరమైనంతే పెంచాలి. ఎక్కువ పెంచితే ఆర్టీఎస్ పద్ధతిలో టైపు చేసేవారికి కొత్త కష్టం వస్తుంది. ఆ పద్ధతిలో ఏ మీటను రెండుసార్లు నొక్కితే దీర్ఘం వస్తుంది. ఆ రెండవ నొక్కునే వ్యవస్థ మింగివేస్తే దీర్ఘాలన్నీ హ్రస్వాలవుతాయి. అటువంటప్పుడు దీర్ఘానికి పెద్దబడి అక్షరాన్ని వాడుకోవాలి. ఇన్‌స్క్రిప్టువారికి ఈ బాధ లేదు. ద్విత్వాక్షరానికి కూడా మధ్యలో పొల్లు మీట వస్తుంది కనుక ఒకే మీటను వెంటవెంటనే నొక్కే అవసరం అరుదు.

తెలుగు పాఠ్యంలో మీటల దోషాలు

తెలుగు టైపింగుకు లినక్సులో రెండు మార్గాలున్నాయి. ఎక్స్‌కేబీలోని తెలుగు అమరికలు మొదటిది. ఇందులో ఇన్‌స్క్రిప్టు తరహా అమరికతో పాటు సరళ అనేది కూడా ఉంది. ఐబస్‌తో కలిసి పనిచేసే ఎం17ఎన్ గ్రంథాలయంలోని పద్ధతులు రెండవది. ఆర్టీఎస్, ఇన్‌స్క్రిప్టులతో పాటు, డీటీపీ పనిచేసి అలవాటైనవారి కోసం యాపిల్ అమరిక కూడా ఇందులో ఉంది. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్టును ప్రామాణికం చేసింది. 2007లో సీడాక్ విడుదల చేసిన బాస్ లినక్సు, హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ సంస్థ రూపొందించిన తెలుగు లినక్సు ఈ భాషాసౌకర్యాలను సామాన్య వాడుకరులకు చేర్చే ప్రయత్నాలే.

ఏ పద్ధతిలో టైపు చేస్తున్నారో తెలిస్తే, పాఠ్యంలోని తప్పును చూసి ఏ మీట చెడిందో చెప్పవచ్చు. ఆర్టీఎస్‌లో 'కల' అన్న మాటకు కె-ఏ-ఎల్-ఏ అని నొక్కాలి. ఎల్ మీట అదిరితే అది 'కల్ల' అవుతుంది. మొదటి ఏ అదిరితే 'కాల' అవుతుంది. మూడూ నిఘంటువులో ఉన్న మాటలే కనుక అక్షరదోష పరీక్షకం ఏ ఎర్రగీతా గీయదు, చదివినవారు రాసినవారినే తప్పుపడతారు. ఏ మీట అప్పుడప్పుడు పడకపోతే 'రామ' కాస్తా 'రామ్' అవుతుంది. క్యాప్స్‌లాక్ పడి ఉంటే 'తల' 'టాళా'గా మారుతుంది.

ఇన్‌స్క్రిప్టులో లక్షణాలు వేరు. పొల్లు డి మీటపై ఉంది. తెలుగులో ద్విత్వాలు, సంయుక్తాలు విరివిగా ఉండడం వలన ఈ మీటకు పని ఎక్కువ. అది బలహీనపడితే 'అక్క' 'అకక'గాను, 'అమ్మ' 'అమమ'గాను వస్తాయి. షిఫ్టు మీట సరిగా పడకపోతే 'ధనం' 'దనం' అవుతుంది, 'భాష' అన్న మాట 'బా' తరువాత కామాతో ముగుస్తుంది, ఎందుకంటే ష అక్షరం కామా మీటపై షిఫ్టుతో ఉంటుంది. పదం మొదట్లోని అచ్చులు కూడా షిఫ్టుతోనే రావాలి. అది పడకపోతే 'ఇల్లు' బదులు చుక్కల వలయానికి అతుక్కున్న గుడి కనిపిస్తుంది. దీనిని చూసి ఖతి చెడిందని కొత్త ఖతులు స్థాపించుకునేవారున్నారు. కుడి షిఫ్టు, ఎడమ షిఫ్టు విడివిడిగా వాడి చూస్తే సందేహం తీరుతుంది.

అన్ని దోషాలూ మీటలవి కావు. జవహర్‌నగర్ పేరునే తీసుకుంటే, ఇందులో ర్ తరువాత కంటికి కనబడని విభాజకం ఒకటి ఉండాలి. అది లేకపోతే న వత్తుగా మారి 'జవహర్నగర్' అవుతుంది. తెలుగు వికీపీడియాలోని లిప్యంతరీకరణ పద్ధతిలో ఈ విభాజకానికి టోపీ గుర్తు (^) నొక్కాలి. ఇంగ్లీషు కీబోర్డుగా 'యూఎస్ ఇంటర్నేషనల్' అమరికను ఎంచుకున్నవారికి ఈ గుర్తు పడదు. ఆ అమరికలో టోపీ గుర్తు, ఉద్ధరణ చిహ్నాలు తరువాతి అక్షరం కోసం వేచి ఉండే మూగమీటలు. మీట పాడైందని భావించేవారు రెండుమూడు సార్లు నొక్కుతారు, అప్పుడు ఏదో ఒకటి పడి తికమక పెరుగుతుంది. అమరికను మామూలు యూఎస్‌కో, 'ఇంగ్లీషు (ఇండియా, రూపాయి గుర్తుతో)' అనే దానికో మార్చుకుంటే సమస్య ఉండదు. రెండవదానిలో కుడి ఆల్ట్, 4 కలిపి నొక్కితే ₹ వస్తుంది. ఈ అమరికలో కుడి ఆల్ట్ ఇతర పనులకు ఉపయోగపడదు, అది దోషం కాదు.

విభాజకాన్ని షిఫ్టు, స్పేసు మీటలతో తెప్పించుకునే ఐచ్ఛికం ఎక్స్‌కేబీలో ఉంది. సౌకర్యమే గాని, షిఫ్టు మీది వేలు తీయకముందే స్పేసు నొక్కే అలవాటున్నవారికి పదాల మధ్య ఖాళీ మాయమవుతుంది. స్పేసు మీట అప్పుడప్పుడు పనిచేయడం లేదన్న ఫిర్యాదు వెనుక ఇది ఉండే అవకాశాన్ని కూడా చూడాలి.

ఒక అనువర్తనంలో తెలుగు పడి మరొకదానిలో ఇంగ్లీషే పడుతుంటే కీబోర్డును అనుమానించనవసరం లేదు. ఐబస్ ఆ అనువర్తనానికి చేరడం లేదు. ఐబస్‌ను పునఃప్రారంభించి, ప్రవేశక వ్యవస్థను సూచించే పరిసర చరాలు సరిగా ఉన్నాయో లేవో చూడాలి. డెబియన్ కుటుంబంలో ఐఎం-కాన్ఫిగ్ ఈ పని చేస్తుంది. ఎక్స్‌కేబీలో తెలుగు అమరికను ఉంచుకొని, దానిపై ఐబస్‌లో ఆర్టీఎస్‌ను కూడా ఎంచుకోవడం మరొక పొరపాటు. ఆర్టీఎస్ రోమను అక్షరాల కోసం ఎదురుచూస్తుంటే దానికి తెలుగు అక్షరాలు అందుతాయి, మార్పిడి జరగదు. రెండింటిలో ఒకదానినే తెలుగుకు కేటాయించాలి.

మరమ్మతు

మీటలోనే దోషమని తేలితే ముందుగా యంత్రాన్ని ఆపి, తలక్రిందులుగా పట్టి, మీటల సందులలోని దుమ్మును బ్లోయరుతో వదిలించాలి. టీ, కాఫీ వంటివి ఒలికినపుడు వెంటనే విద్యుత్తు తీసివేసి, విప్పి ఆరబెట్టించాలి. చక్కెర కలిసిన పానీయం ఎండిన తరువాత మీటలు అతుక్కుపోతాయి, సన్నని తీగదారులు తుప్పుపడతాయి. ల్యాప్‌టాపు కీబోర్డులు చాలావాటిలో విడి మీటను బాగుచేయడానికి వీలుండదు, పలకమొత్తం మార్చవలసిందే. కొన్ని నమూనాలలో కీబోర్డు పైమూతకు రివెట్లతో బిగించి ఉంటుంది కనుక ఖర్చు పెరుగుతుంది. పాత ల్యాప్‌టాపు కొనేవారు దుకాణంలోనే ప్రతి మీటను నొక్కి చూసుకోవడం, చార్జరు తగిలించి, తీసివేసి రెండు విధాల టచ్‌ప్యాడును పరీక్షించడం, లైవ్ పెన్‌డ్రైవు వెంట తీసుకువెళ్లడం మంచిది.

కీబోర్డు మార్చే స్తోమత లేనపుడు చెడిన ఒకటిరెండు మీటల పనిని, వాడకం తక్కువగా ఉండే ఇతర మీటలకు అప్పగించవచ్చు. కెర్నెలు మెట్టులో హెచ్‌డబ్ల్యుడీబీ దస్త్రం ద్వారా ఈ మార్పు చేస్తే ఎక్స్, వేలాండ్ తేడా లేకుండా, లాగిన్ తెరతో సహా అన్నిచోట్లా వర్తిస్తుంది. తనంతట తానే నొక్కుకుంటున్న మీటను నిరర్థకం చేయడానికి కూడా ఇదే మార్గం. ఇన్‌స్క్రిప్టు వాడేవారు డి మీట పోయినపుడు క్యాప్స్‌లాక్‌ను డి మీటగా మార్చుకుంటే పొల్లు, అకారం రెండూ తిరిగి వస్తాయి.